ఇద్దరి ఫోటోలో ముగ్గురు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కేసు నేను న్యాయం కోసం పట్టుకోలేదు. ఇన్‌స్పెక్టర్ దేవీప్రసాద్ మీద కసితో పట్టుకున్నాను.

రెండేళ్ళ కిందటి దాకా నేను పోలీసు ఫోటో సెక్షన్‌లో ఉద్యోగిని. దేవీప్రసాద్ లాకప్పులో చావుదెబ్బలు తిన్న ఒక కూలీ వీపు ఫోటోలు తీశాను. అవన్నీ కంప్యూటర్లో చేసిన మార్ఫింగ్ ఫోటోలని ఆ మహానుభావుడు పైవాళ్ళను నమ్మించి నా ఉద్యోగం ఊడగొట్టాడు. ఆ రోజు నుంచి డిపార్టుమెంటులో నా పేరు రోజారమణి కాదు, మార్ఫింగ్ మేడమ్. వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల గోడౌను మీద గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. రోజంతా తుమ్ముతూ, వాణ్ణి తిట్టుకుంటూ బతుకుతున్నాను.

ఆ కూలీని కొడుతుండగా కళ్ళారా చూసినవాడు గవర్రాజు ఒక్కడే. ఎట్టకేలకు విచారణ మళ్ళీ మొదలైంది. వచ్చే వారం గవర్రాజు సాక్ష్యం చెప్పాలి. చెప్పకుండానే, పదకొండు రోజుల కిందట సరుకుల పడవలు ఆగే సాగరమాత బార్జీ జెట్టీ దగ్గర నీళ్ళలో శవమై తేలాడు. తోసేసింది తోటి కూలీ అప్పలసూరి అని దేవీప్రసాద్ రెండు రోజుల్లో తేల్చేశాడు. రుజువు ఏమిటయ్యా అంటే ఒక ఫోటో. గవర్రాజు ఫోన్లో దొరికిందట. అందులో గవర్రాజు, అప్పలసూరి జెట్టీ రెయిలింగుకు ఆనుకుని భుజం భుజం కలిపి నిలబడ్డారు. వెనక గోడమీద ఎర్రంకెల గడియారం 18:10 చూపిస్తోంది. నీళ్ళలో ఏదో పడిన చప్పుడు వాచ్‌మన్‌కి వినిపించింది 6:22కి. అప్పలసూరేమో నేను పాతిక అడుగుల దూరంలో తాడు చుడుతున్నాను మొర్రో అంటాడు. ఫోటో అబద్ధమాడదు కాబట్టి అప్పలసూరే అబద్ధమాడుతున్నాడని దేవీప్రసాద్ వాదన.

అప్పలసూరి భార్య పుష్ప పొద్దున్నే వచ్చి నా గది గుమ్మంలో కూలబడింది.

"ఇయాల నాలుగ్గంటలకి మా ఆయన్ని మల్లీ ఆ ఇన్‌స్పెక్టరు సేతికి ఇచ్చేత్తారంటక్కా. కస్టడీయో ఏటో అంటన్నారు. అక్కడికెల్తే ఒప్పుకున్నట్టు కాయితం మీద ఏలిముద్రేసి వొత్తాడు, లేపోతే శవమై వొత్తాడు. నాను ఏటి సెయ్యాల?"

"నువ్వు ఏడుపాపి నాతో రా," అన్నాను. దేవీప్రసాద్ కస్టడీ ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ వీపు ఫోటోలు నా కళ్ళ ముందు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

అదే ఫోటోతో జెట్టీ గేటు దగ్గర గవర్రాజుకి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా వెలిసింది. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. కింద మూల అలవాటు ప్రకారం ఫ్లెక్సీ కొట్టినవాడి షాపు పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. మా వీధికి మూడో సందే.

పది నలభైకి పుష్పని వెంటబెట్టుకుని ఆ షాపులో అడుగుపెట్టాను. వెనకనుంచి ఒక ఆటోవాడు నన్ను తోసుకుంటూ వచ్చాడు.

"బావా, మా పోతమ్మ పండగ ఫ్లెక్సీ అయిపోనాదేటి?"

కంప్యూటరు ముందున్న డిజైనరు గిర్రున తిరిగాడు. పేరు అబ్బులు. ముప్పయ్యేళ్ళుంటాయి, నున్నగా దువ్విన తల.

"బావేంటండీ బాబూ! మా అక్కనేమన్నా మీకిచ్చి చేశామా? అబ్బులూ అని పిలవండి, ఒరేయ్ అనండి, పడతాను. ఈ బావ మాత్రం వద్దండి."

ఆటోవాడు నవ్వుకుంటూ పోయాడు. గోదావరి మనిషని నోరు విప్పగానే తెలిసిపోయింది. నేను గవర్రాజు శ్రద్ధాంజలి ఫైలు తెరవమన్నాను.

"కస్టమర్ల ఫైళ్ళు చూపించకూడదండీ."

"నాను అడిగితే కూకుని సూపిత్తావ్. కోర్టు అడిగితే నిలబడి, సేతులు కట్టుకుని సూపిత్తావ్. ఏది సుకమో నువ్వే సెప్పు."

అబ్బులు ఫైలు తెరిచాడు. నేను వాణ్ణి పక్కకు జరిపి మౌసు అందుకున్నాను. పదేళ్ళు ఫోటోలతో వేగినదాన్ని, నాకు ఎక్కడ వెతకాలో తెలుసు.

ఈ ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా అర్థమైనట్టే. మామూలుగా ఫోటోని పక్కలనుంచి నొక్కితే అందులో మనుషులు కూడా బక్కచిక్కిపోతారు. ఫోటోషాప్‌లో ఇంకో రకం నొక్కుడుంది. దాంతో నొక్కితే ఆకాశం, నీళ్ళు, ఖాళీ గోడ, ఇలాంటి పనికిరాని జాగాలు మాత్రమే కరిగిపోతాయి. మనుషులు ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఒకరి దగ్గరికి ఒకరు జరిగిపోతారు. దానిక్కూడా మొహాలు వంకరపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ముందే మనిషి చుట్టూ గీత గీసి, వీణ్ణి ముట్టుకోకు అని చెప్పాలి. అలా కాపాడిన ప్రతి మనిషీ ఫైల్లో ఒక పక్కన, నల్లటి పలక మీద తెల్లబొమ్మలా పేరుతో సహా నిలిచి ఉంటాడు.

"ఎందుకు నొక్కినావ్?"

"నిలువు ఫ్లెక్సీలో అడ్డం ఫోటో పట్టదు కదండీ. ఇద్దర్నీ దగ్గరికి జరపమన్నారు, జరిపాను. రోజూ చేసే పనేనండీ. పోయినేడాది ఒక లీడరుగారి బుగ్గ రవ్వంత సాగిందని వాళ్ళ మనుషులొచ్చి నా కీబోర్డు విరగ్గొట్టారు. అప్పట్నుంచి ముందు మొహాలు కాపాడతానండి, తర్వాతే ఏదైనా."

తెల్లబొమ్మలు లెక్కపెట్టాను. రెండు ఉండాలి. మూడున్నాయి.

ఒకదాని పేరు 'పోయినాయన'. అంటే గవర్రాజు. రెండోదాని పేరు 'పక్కాయన'. అప్పలసూరి. గవర్రాజుకి అటుపక్క ఇంకో మనిషి తెల్లబొమ్మ, ఒక చెయ్యి నడుం మీద, పేరు 'బావ'. ఫ్లెక్సీలో ఆ చోట దీపం బొమ్మ, కింద 'మీ ఆత్మకు శాంతి కలగాలి' అన్న అక్షరాలు ఉన్నాయి. దీపం తీసి చూశాను. కింద మనిషి లేడు. నీలం రంగు పూసి చెరిపేశారు. మనిషిని చెరిపారు గాని, అతన్ని కాపాడిన తెల్లబొమ్మను చెరపడం మర్చిపోయారు.

"సెరిపేసే మనిసికి మొకం వంకరపోకుండా కాపాడ్డమెందుకు అబ్బులూ?"

"అదేదో... చేతి అలవాటండీ."

"ఎవుడీ బావ?"

"కస్టమరేనండీ. ఈ ఊళ్ళో అందరూ బావలే కదండీ."

ఆ మాటకు నేను నవ్వాను కూడా. నిజమే కదా, ఈ ఊళ్ళో కండక్టరు నుంచి కార్పొరేటరు దాకా మగాడన్నవాడు ప్రతివాడూ బావే. నా ఫోన్‌తో తెర ఫోటో తీసుకున్నాను. అసలు ఫోటో ఏదని అడిగితే వాట్సాప్‌లో వచ్చింది, తీసేశానన్నాడు. అంటూనే చొక్కాజేబులో ఉన్న ఫోన్‌ని చేత్తో తడుముకున్నాడు. లాక్కోవచ్చు, కాని దొంగతనంగా తెచ్చిన ఫోటోని దేవీప్రసాద్ మళ్ళీ మార్ఫింగ్ అంటాడు. అది వీడే ఇవ్వాలి.

"అబ్బులూ, నువ్వు దగ్గరికి జరిపిన ఆ పక్కాయన ఉన్నాడు సూడు, ఆడి పేరు అప్పలసూరి. నీ ఫోటో సూపించి ఆణ్ణి జైల్లో యేసినారు. ఇయాల నాలుగ్గంటలకి ఆణ్ణి స్టేషన్‌కి అట్టుకెల్తారు. తిరిగొత్తాడన్న నమ్మకం నాకు లేదు. ఇదిగో, ఇది ఆడి పెల్లాం."

పుష్ప వాడికేసి చూస్తూ నిలబడిందంతే. అబ్బులు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దండేసే ఫ్లెక్సీ అన్నారండీ. కోర్టని చెప్పలేదండీ," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, "మా అక్క కాపురం..." అని నాలిక కరుచుకున్నాడు. ఎంత గుచ్చి అడిగినా ఇక నోరు విప్పలేదు.

పన్నెండూ యాభైకి పుష్పా నేనూ జెట్టీ మీద ఉన్నాం. నా చేతిలో టేపు, పుష్ప చేతిలో కోర్టులో పెట్టిన ఫోటో కాపీ. ఫోటోలో గవర్రాజు దీపస్తంభం పక్కనే ఉన్నాడు. అప్పలసూరి కాళ్ళ దగ్గర నీళ్ళ కుళాయి ఉంది. ఈ రెండూ కదిలేవి కావు. స్తంభం దగ్గర పుష్పని నిలబెట్టి, టేపు లాగుతూ కుళాయి దాకా నడిచాను. సరిగ్గా ఇరవై అయిదడుగులు. అప్పలసూరి చెప్పిన మాట అక్షరాలా నిజం.

రెయిలింగుకు అయిదడుగులకొక ఇనుప కడ్డీ పాతారు. స్తంభానికీ కుళాయికీ మధ్య అయిదు ఖాళీలు. ఫోటోలో కూడా అయిదు ఖాళీలే ఉన్నాయి, కాని ఒక్కొక్కటీ జానెడు కూడా లేదు. కుళాయికి అవతల ఉన్న ఖాళీలు మాత్రం మామూలుగా ఉన్నాయి. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం మధ్యలో ఒక కడ్డీకి వేలాడుతోంది. నీళ్ళలో పడ్డవాళ్ళకు విసిరే ఎర్ర ట్యూబు. కొలిచాను, ఎటు కొలిచినా రెండున్నర అడుగులే, పూర్తి గుండ్రం. ఫోటోలో అది కోడిగుడ్డులా నిలువుగా సాగి ఉంది. మనుషుల మీద శ్రద్ధ పెట్టిన అబ్బులు ట్యూబుని ఎవరు చూస్తారనుకున్నాడు.

మూడో మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెల్లబొమ్మను బట్టి చూసుకున్నాను. స్తంభానికి అవతల నాలుగడుగులు. అక్కడ రెయిలింగు లేదు. నీళ్ళలోకి మెట్లు దిగుతున్నాయి.

"గవర్రాజన్న బెమ్మాండంగా ఈదుతాడక్కా," అంది పుష్ప, మెట్లు చూస్తూ. "ఒట్టినే పడితే సావడు. ఎవుడో కిందికి దిగి, అదిమి అట్టుకున్నాడు." ఆ అమ్మాయి పళ్ళు కొరుకుతోంది. "ఆ బావగోడెవుడో నాకు సెప్పు. కోర్టొద్దు, ఏటీ ఒద్దు. నాను సూసుకుంటాను."

"నా వంతు అయ్యాక నువ్వు సూసుకుందువు గాని," అన్నాను.

అప్పుడే గేటు దగ్గర వాచ్‌మన్ లారీ డ్రైవర్ని కేకేశాడు. "ఓ బావా! రివర్సు, రివర్సు!"

చెంపమీద ఎవరో ఛెళ్ళున కొట్టినట్టయింది. నా బుర్రకి బూజు పట్టిందా ఏమిటి! ఆటోవాడు బావా అంటే మా అక్కనిచ్చి చేశామా అని మండిపడ్డవాడు అబ్బులు. అలాంటివాడు ఎవడో కస్టమరు పేరు 'బావ' అని రాసుకుంటాడా? ఈ ఊరివాడు రాస్తే ఆ మాటకు విలువ లేదు. గోదావరివాడు రాశాడంటే ఆ మనిషి అక్క మొగుడే. చెరిపేసే ఫోటోలో కూడా అక్క మొగుడి మొహం వంకరపోతుంటే చూడలేక కాపాడుకున్నాడు, వెర్రినాగన్న! అక్క మొగుడు ఎవరో తెలిస్తే హంతకుడు దొరికినట్టే.

కొలతలు, తెర ఫోటో అప్పలసూరి లాయరుకి పంపుదామంటే జెట్టీ మీద సిగ్నల్ లేదు. షాపు దగ్గరకెళ్ళాక పంపుదాంలే అనుకున్నాను. పుష్పని కొలతల కాగితంతో ఆటోలో కోర్టుకి పంపేసి, నేను షాపుకి పరుగెత్తాను.

రెండూ నలభై. షాపులో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో ఇన్‌స్పెక్టర్ దేవీప్రసాద్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మామూలు బట్టల్లో వచ్చాడు. అబ్బులు ప్రింటరు పక్కన నిలబడి ఉన్నాడు.

"రాండి మార్ఫింగ్ మేడమ్! మీరు ఇక్కడ తగలడ్డారని తెలిసి నానే వొచ్చినాను. సాచ్చుల్ని బెదిరిత్తన్నారంట?"

"జెట్టీ కొలిసొచ్చినాను సార్. పాతికడుగులు. మీ ఫోటోలో ట్యూబు గుడ్డు పెట్టింది, సూసుకోలేదేటి?"

"ఫ్లెక్సీగాడు ఏదో నొక్కితే నాకేటి సమ్మందం? నాను ఈ కొట్టు గడప తొక్కడం ఇదే మొదులు. ఈడి మొకం సూడ్డమూ ఇదే మొదులు."

"జెట్టీకి ఎన్నింటికి ఎల్లినారు సార్ ఆ రోజు?"

"ఏడుంబావుకి. ఎఫ్ఐఆర్‌లో ఉంది సదువుకో. సదువొచ్చు కదా?"

వాడి నవ్వు చూస్తే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. రెండేళ్ళ కిందట నా చేత ఐడీ కార్డు మెడలోంచి తీయించినప్పుడు కూడా వాడు ఇలాగే నవ్వాడు.

పక్క టీకొట్టు మంగాయమ్మ మూడు గ్లాసుల టీ పట్టుకుని లోపలికి వచ్చింది. ఒకటి నాకిచ్చి, రెండోది దేవీప్రసాద్‌కి అందించబోయింది.

"ఆయనకొద్దండీ!" అబ్బులు గభాల్న అడ్డొచ్చాడు. "ఆయనకి పంచదార లేకుండా తెండి. తాగితే కళ్ళు తిరుగుతాయి."

అబ్బులు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దేవీప్రసాద్ కాలు కిందికి దిగింది.

"ఇయాలే మొకం సూసిన మనిసికి షుగరుందని నీకు ఎవుడు సెప్పినాడు అబ్బులూ?" అన్నాను. నాకు సంతోషంగా ఉంది, దాచుకోవడం ఎందుకు? "సార్, మీ ఆవిడ కామేశ్వరిగారిది అమలాపురం పక్కన కదా? డిపార్టుమెంటు ఫంక్షన్లో నానే ఫోటో తీసినాను మీ ఇద్దరికీ. ఆవిడా ఇలాగే మాట్టాడతారు, నోరు తెరిస్తే అండీ అని."

దేవీప్రసాద్ లేచి మంగాయమ్మని బయటికి పొమ్మని సైగ చేశాడు. షట్టరు నేలదాకా లాగాడు. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, గ్రానైట్ బల్ల అంచుకేసి మూడుసార్లు కొట్టాడు. తెర ఫోటో తీసిన ఫోనది.

"నా బావమరిదే. అయితే ఏటి? ఆరూపదికి నాను అక్కడున్నట్టు ఆ తెల్లబొమ్మకి నోరుందా సెప్పడానికి? గవర్రాజుగాడికి నోటి దూల, పోయినాడు. దారినపోయే బార్జీవోడి సేత నాను పక్కనుండంగా ఫోటో తీయించుకున్నాడు, నాను ఆడి దగ్గరికి వొచ్చినట్టు సాచ్చమంట! ఆడి సాచ్చాన్నే నాను వాడుకున్నాను. ఒరే అబ్బులూ, ఫైలు తీసెయ్. నీ ఫోన్లో ఉన్న అసలు ఫోటో కూడా తీసెయ్. నా కళ్ళ ముందు."

"అబ్బులూ, ఒద్దు," అన్నాను.

అబ్బులు నాకేసి చూడలేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఫైలు తీసేశాడు. ఫోన్ తీసి బావ చేతికిచ్చాడు. దేవీప్రసాద్ తనే ఫోటో వెతికి తుడిచేసి, ఫోన్ జేబులో వేసుకున్నాడు. గోడ గడియారం మూడూ పది. అప్పలసూరిని పోలీసు వ్యానులో కోర్టుకి తెచ్చేసి ఉంటారు. ఇక మిగిలింది పుష్ప చేతిలో ఉన్న కొలతల కాగితం ఒక్కటే. మళ్ళీ వీడే గెలిచాడని నాకు ఏడుపొచ్చింది. వీడి ముందు ఏడవకూడదని పెదవి కొరుక్కున్నాను, నెత్తురు రుచి తగిలింది.

"ఇంక సెప్పు మేడమ్. నిన్ను సాచ్చుల్ని బెదిరించిన కేసులో ఎక్కించనా, లేపోతే అప్పలసూరిగాడితో కలిపేయనా?"

"బావగారూ," అన్నాడు అబ్బులు.

"ఏట్రా?"

"మెషిన్లోది తీసేశానండీ, ఫోన్లోదీ మీరు తీసేశారు. కాకపోతే ఈ మేడమ్‌గారు జెట్టీకి వెళ్ళినప్పుడే నేను ఒకటి కొట్టేశానండీ." వాడు ప్రింటరు మీద చెయ్యి వేశాడు. "అసలు ఫోటోనే. ఇరవై అడుగుల అడ్డం ఫ్లెక్సీ. అంత వెడల్పుంటే ఎవర్నీ నొక్కక్కర్లేదు కదండీ. గడియారం, పోయినాయన, పాతికడుగుల అవతల పక్కాయన, నడుం మీద చెయ్యేసుకుని మీరు. అందరూ పట్టారండి. కింద 'ఇట్లు, మీ బావమరిది అబ్బులు' అని రాశాను. రెండింటికే కోర్టు ఎదురుగా కట్టించేశాను. ఫోటో కూడా పక్కాయన లాయరుగారికి పెన్‌డ్రైవ్‌లో చేరిందండీ."

దేవీప్రసాద్ వాడి కాలర్ పట్టుకుని గోడకు అదిమాడు. "నీ అక్క ముండమోసినట్టేరా! అది గుర్తురాలేదేట్రా నీకు?"

"వచ్చిందండీ. అందుకే ముందు అక్కకే ఫోన్ చేసి అడిగాను." అబ్బులు ఊపిరి ఆడకపోయినా ఆపలేదు. "పోయిన వేసవిలో దాని చెయ్యి విరిగితే బాత్రూంలో జారిందన్నారు మీరు. అప్పుడు అదేమీ మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడిందండీ. 'చిన్నది కొట్టకురా తమ్ముడూ, ఎంత పెద్దదయితే అంత పెద్దది కొట్టు' అంది."

ఇద్దరి పగల మధ్య నా పగ చిన్నదైపోయింది. రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన దెబ్బ ఇంకెవరో కొట్టారు. కుళ్ళు పుట్టలేదంటే అబద్ధం.

దేవీప్రసాద్ జేబులో వాడి సొంత ఫోన్ మోగింది. తీసి చూశాడు. కామేశ్వరి. మోగి మోగి ఆగిపోయి, మళ్ళీ మోగింది. వాడి చెయ్యి అబ్బులు కాలర్ వదిలేసి నడుం దగ్గర పిస్టల్ మీదికి పోయింది. షట్టరుకీ నాకూ మధ్య వాడే నిలబడి ఉన్నాడు.

"ఎత్తండి బావగారూ," అన్నాడు అబ్బులు. "కోర్టు ఎదురుగుండా నుంచుని చేస్తోందండీ. పోయినాయన పోయిన రోజు ఇంటికొచ్చి మీరు విప్పి పడేసిన ప్యాంటు ఉంది చూశారా, మోకాళ్ళ దాకా ఉప్పునీళ్ళు ఎండి అట్టకట్టినది. అక్క దాన్ని ఇంకా ఉతకలేదంటండీ."